ఇరవై మూడు మందికి ఒకటే చెవి

పద్నాలుగు నెలల్లో ఇరవై మూడు మంది చెవుడు నయమైపోయిందని కంప్యూటర్ తెర మీద కనబడగానే వాసవి కుర్చీ ముందుకు లాక్కుంది.

వేరే ఎవరైనా అయితే సంతోషించేవారు. వాసవి చెవి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు. మోతకు చచ్చిపోయిన నరం మందులకు బతకదు, విశ్రాంతికి బతకదు. మిగిలిన వినికిడిని హియరింగ్ ఎయిడ్‌తో పెంచుకోవడం తప్ప దారి లేదు. పోయినది తిరిగి వచ్చిందని ఒక్క మనిషి విషయంలో చెప్పినా ఆమె నమ్మదు. ఇక్కడ ఏకంగా ఇరవై మూడు మంది.

ఢిల్లీలో జియా సరాయ్ పక్కనున్న ఇంజినీరింగ్ సంస్థలో, రెండో అంతస్తు మూలగదిలో ఆమె ప్రాజెక్టు నడుస్తోంది. గ్రేటర్ నోయిడాలో కారు తలుపులు, బానెట్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటుంది. ఇనుప రేకును పెద్ద ప్రెస్సు కింద పెట్టి ఒక్క దెబ్బతో తలుపు ఆకారం తెస్తారు. రోజంతా అదే మోత. అక్కడి అరవై మంది కార్మికులకు కొత్తరకం ఇయర్ ప్లగ్గులు ఇచ్చి, అవి చెవుల్ని ఎంతవరకు కాపాడుతున్నాయో కొలవడం పరిశోధన. మొదటి విడత పరీక్షలు వాసవి స్వయంగా చేసింది. ఇరవై మూడు మందికి అప్పటికే సగం వినికిడి పోయింది. రెండో విడత, మూడో విడత టాబ్లెట్‌కి అప్పజెప్పింది.

ఆ పద్ధతి ఆమె తయారుచేసిందే. ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో శబ్దం చొరని బూత్ ఒకటి పెట్టించింది. మనిషి లోపల కూర్చుని, టాబ్లెట్‌లో తన గేటు పాసు మీది నంబరు కొట్టి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కూత వినబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. పరీక్షకు ముందు పద్నాలుగు గంటలు మోతకు దూరంగా ఉండాలి కాబట్టి తెల్లవారి షిఫ్టుకు ముందే, అయిదింటికే మొదలుపెట్టాలి. కటవారియా సరాయ్‌లో ఆమె గది నుంచి ఆ వేళకి గ్రేటర్ నోయిడా చేరడానికి మెట్రో ఉండదు. అందుకే ఫలితాలు నేరుగా ఇక్కడి కంప్యూటర్‌కి వచ్చే ఏర్పాటు చేసింది. అక్కడ మనుషుల్ని కూర్చోబెట్టే పని ఫ్యాక్టరీ సేఫ్టీ సూపర్‌వైజర్ చెన్నకేశవులు చూసుకుంటాడు.

వాసవి ఇరవై మూడు గ్రాఫుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టింది.

ఇరవై మూడు గీతలూ కలిసి ఒక్క గీత అయ్యాయి.

పక్క కుర్చీలో అసిస్టెంటు నేహా ముందుకు వంగింది. ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి హిందీయే వస్తుంది.

"దీదీ, యే తో కాపీ-పేస్ట్ హై."

"కాదు. కాపీ అయితే అంకెలు అచ్చు గుద్దినట్టుండేవి. ఇక్కడ అయిదు డెసిబెళ్లు అటూ ఇటూ ఊగుతున్నాయి చూడు. ఒకే మనిషి ఇరవై మూడు సార్లు కూర్చుంటే ఇలా వస్తుంది."

"మత్‌లబ్? ఏక్ ఆద్మీ కా కాన్?"

"ఒకే మనిషి చెవి."

నేహా వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు మెయిల్ తెరిచి తెర ఇటు తిప్పింది. ఫ్యాక్టరీ నుంచి పొద్దున వచ్చిన ఆహ్వానం. కొత్త లైన్, నాలుగో నంబరు, ఇవాళ మధ్యాహ్నం రెండు గంటలకు ప్రారంభం. కింద ఆ లైన్ మీద పనిచేసే, ప్రారంభం కాగానే పర్మనెంట్ ఉద్యోగ పత్రాలు అందుకునే పన్నెండు మంది పేర్లు. మొదటి పేరు మల్లేశం. పన్నెండు పేర్లూ ఆ ఇరవై మూడులోవే.

నాలుగో లైన్ గురించి వాసవికి తెలుసు. అక్కడ ప్రెస్సులో బిగించే ఏడు టన్నుల ఇనుప అచ్చును మోసే బండి పట్టాల మీద నడుస్తుంది. నడిపేవాడికి అచ్చు అడ్డం, ముందు ఎవరున్నారో కనబడదు. బండి కదిలే ముందు సైరన్ మోగుతుంది, పట్టాల మీదున్నవాళ్లు తప్పుకోవాలి. తిరిగే ఎర్ర దీపాలు ఇంకా బిగించలేదు. అందుకే వినికిడి బాగున్నవాళ్లనే పెడతామని కంపెనీ సర్టిఫికెట్ అడిగింది.

ఆ సర్టిఫికెట్ మీద సంతకం వాసవిది. పోయిన శుక్రవారం, గ్రాఫులు తెరవకుండా, చివరి పట్టికలో సగటు అంకె ఒక్కటే చూసి పెట్టిన సంతకం.

టైము పదకొండు దాటి అయిదు నిమిషాలు.

ప్రాజెక్టు పెద్ద సుధీంద్రకు ఫోన్ చేసింది. ఆయన బెంగళూరు సదస్సులో ఉన్నాడు.

"వాసవీ, ఫలితం చెడ్డగా ఉంటే అనుమానించాలి గానీ, బాగుంటే కూడానా?" అని నవ్వాడు.

"సర్, ఇవాళ రెండింటికి పన్నెండు మంది చెవిటివాళ్లు ఆ పట్టాల మీద నిలబడతారు."

నవ్వు ఆగింది. "మేనేజర్‌కి చెప్పు. నువ్వు వెంటనే వెళ్లు."

మేనేజర్ ఫోన్ స్విచ్ ఆఫ్. ప్రారంభోత్సవం హడావుడి. మల్లేశం నంబరు కలిపింది. మొదటి విడతలో పరిచయమైన మనిషి. జగిత్యాల నుంచి వచ్చి పద్దెనిమిదేళ్లు ప్రెస్సుల దగ్గరే గడిపాడు.

"మల్లేశం గారూ, నేను వాసవిని. మీరు ఇవాళ లైన్ మీదికి వెళ్లొద్దు."

"ఆఁ మేడం, నమస్తే! మంచిగున్న."

"వెళ్లొద్దు అంటున్నాను. వినబడుతోందా?"

"అయ్యో, ఎందుకు రాను మేడం, వస్త. రెండింటికే. మీరు గూడ రాండ్రి, లడ్డూలు పంచుతరట." ఫోన్ పెట్టేశాడు.

అతనికి ఒక్క మాట వినబడలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. అవతలివాళ్లు ఏం అడిగి ఉంటారో ఊహించి జవాబు చెప్పడం ఇన్నేళ్లలో అలవాటు చేసుకున్నాడు.

చెన్నకేశవులు రెండో రింగుకే ఎత్తాడు. ప్రొద్దుటూరు మనిషి, యాభై దాటింది. ఫ్యాక్టరీలో తెలుగువాళ్లకి, బీహారీలకి, అందరికీ పెద్దదిక్కు. వాసవి ఉన్నదంతా చెప్పింది.

"గట్టిగా చెప్పు తల్లీ, ఈడ మోతగా ఉండాది."

ఆమె మళ్లీ చెప్పింది.

"ఇంగెవరికన్నా చెప్పినావా?"

"మేనేజర్ దొరకలేదు."

"మంచిది. నేను లైన్ ఆపిస్తాలే. నువ్వు వచ్చి ఆ మిషన్‌లో ఏముందో చూడు. ఊరికే ఫోన్లు చేసి పిల్లోళ్లను బెదరగొట్టొద్దు."

"నేహా, ఆ తెర వదిలి కదలకు," అని చెప్పి వాసవి బయటపడింది.

మూడు మెట్రోలు మారింది. నవంబరు పొగ కిటికీలకి మసిగుడ్డలా వేలాడుతోంది. బొటానికల్ గార్డెన్ స్టేషన్‌లో జనాన్ని తోసుకుంటూ పరుగెత్తింది. ప్రతి స్టేషన్‌లో మేనేజర్‌కి ఫోన్ కలిపింది, ప్రతిసారీ స్విచ్ ఆఫ్. నాలెడ్జ్ పార్క్ దగ్గర ఆటో ఎక్కేసరికి ఒంటి గంటా పది. ఆటోలో కూర్చున్నాక ఒక ప్రశ్న మెదడును తొలిచింది. ఎవరి చెవి అది? రెండో విడతలో ఆ చెవి నిక్షేపంగా ఉంది. మూడో విడతలో, సన్నటి ఈలలాంటి శబ్దాల దగ్గర గీత దబ్బున కిందికి జారింది. ఆ మనిషి ఎవరో గానీ, అతనూ చెవిటివాడైపోతున్నాడు. మూడో విడత జరిగి అయిదు నెలలైంది. ఇప్పుడు ఆ గీత ఎక్కడిదాకా దిగిందో.

గేటు దగ్గర చెన్నకేశవులు తెల్ల హెల్మెట్‌తో, చేతిలో నీళ్ల సీసాతో నిలబడి ఉన్నాడు.

"దమ్ము తీసుకో తల్లీ. మొహం చూడు ఎట్లా అయిపోయిందో."

"లైన్ ఆపారా?"

అతను ఆమె పెదవుల వంక చూసి తలూపాడు. "అన్నీ అయినాయి. పా, చూపిస్తా."

డిస్పెన్సరీలో సిస్టర్ లేదు. కొబ్బరికాయ కొట్టే చోటికి వెళ్లిందన్నాడు. బూత్ తలుపు తీసి ఉంది. నాలుగడుగుల వెడల్పు ఇనుప గది, లోపలంతా నురుగు పలకలు, ఒక కుర్చీ, గోడకు బిగించిన టాబ్లెట్.

"నువ్వు చూస్తాండు. నేను మేనేజర్‌ను పిల్చుకోని వస్తా."

అతని బూట్ల చప్పుడు దూరమైంది. వాసవి లోపలికి వెళ్లి టాబ్లెట్ ముందు కూర్చుంది. ఫైళ్లు తెరుస్తుండగా మెడ మీద గాలి ఆగిపోయినట్టనిపించింది. వెనక్కి తిరిగేసరికి తలుపు మూసుకుంది. బయట గడి పడింది.

"ఎవరది?"

ఆ మాట గోడ దాకా కూడా పోలేదు. నురుగులో ఇంకిపోయింది. తలుపును గుద్దింది. దిండును గుద్దినట్టుంది. గొంతు చించుకుని అరిచింది. బయట శబ్దం లోపలికి రాకూడదని ఈ గోడల్ని తనే దగ్గరుండి కట్టించింది. లోపలి శబ్దం బయటికి పోదన్న సంగతి ఆ రోజు ఆలోచించలేదు.

ఫోన్ తీసింది. ఇనుప గోడల మధ్య సిగ్నల్ లేదు. టైము ఒంటి గంటా నలభై ఆరు.

నిశ్శబ్దం చెవుల్ని నొక్కేస్తోంది. తన గుండె కొట్టుకోవడం, నెత్తురు పారడం, మింగిన ఉమ్మి గొంతులో జారడం వినబడుతున్నాయి. ఇంకేమీ లేదు. లైన్ ఆపలేదని ఇప్పుడు అర్థమైంది. ఇంకో పద్నాలుగు నిమిషాల్లో మల్లేశం ఆ పట్టాల మీద ఉంటాడు. సైరన్ మోగుతుంది, అతను వంగి పనిచేసుకుంటూనే ఉంటాడు. ఆమె సంతకం అతని జేబులో ఉంటుంది.

టాబ్లెట్ తెర మెరిసింది. "గేటు నంబరు, పేరు."

గోడలోంచి వచ్చే తీగతో అది ఢిల్లీ కంప్యూటర్‌కి కలిసి ఉంది! పరీక్ష మొదలుపెడితే చాలు, నేహా తెర మీద పేరు పడుతుంది.

వాసవి మల్లేశం నంబరు కొట్టింది. పేరు రాసేచోట, నేహాకి తెలుగు చదవడం రాదు కాబట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ రాసింది. బూత్‌లో బందీగా ఉన్నాను, గేటుకి ఫోన్ చెయ్యి, లైన్ నాలుగు ఆపించు. ముందుకు నొక్కింది. మళ్లీ కొట్టింది. మళ్లీ నొక్కింది.

నేహా కుర్చీలో ఉందా? టీకి వెళ్లిందా?

చేసేదేమీ లేక పాత పరీక్షల వివరాలు తెరిచింది. అప్పుడు కనబడింది. మూడో విడతలో కూత రాకుండానే బటన్ నొక్కిన సందర్భాలు డజన్ల కొద్దీ ఉన్నాయి. అన్నీ ఆ సన్నటి ఈల దగ్గరే. అంటే అతని చెవిలో రాత్రింబవళ్లు ఈల మోగుతోంది. దెబ్బతిన్న చెవి తనకు తానే వినిపించుకునే హోరు. ఏది బయటి ఈలో, ఏది తనదో అతనికి తెలియడం లేదు.

ఆ ఇరవై మూడు పరీక్షలూ అయిదు తెల్లవారుఝాముల్లో, అయిదూ ఆరూ మధ్య జరిగాయి. ఆ వేళకి సిస్టర్ రాదు. డిస్పెన్సరీ తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది.

'గట్టిగా చెప్పు తల్లీ, ఈడ మోతగా ఉండాది.'

గేటు దగ్గర పెదవుల వంక చూసి తలూపిన చెన్నకేశవులు మొహం గుర్తొచ్చింది.

రెండు గంటల రెండు నిమిషాలకు గడి కదిలింది. తలుపు తెరుచుకుంటే గుమ్మంలో సిస్టర్, చేతిలో లడ్డూ.

"అరే మేడమ్! గేట్ వాలే నే బోలా, దిల్లీ సే కోయీ లడ్‌కీ ఫోన్ పే చిల్లా రహీ హై... కుండీ కిస్‌నే లగాయీ?"

ఢిల్లీ నుంచి ఫోన్‌లో అరిచింది నేహాయే. గడి ఎవరు పెట్టారన్నది సిస్టర్ ప్రశ్న. వాసవి అప్పటికే పరుగు తీసింది.

షెడ్డులోకి అడుగుపెట్టగానే మోత మొహాన కొట్టింది. మూడు పాత లైన్లు దంచుతున్నాయి. నాలుగో లైన్ దగ్గర బంతిపూల దండలు, కొబ్బరి చిప్పలు, కోట్లు వేసుకున్న పెద్దలు దూరంగా తాడు అవతల. ఆ మోత మీదుగా సన్నగా, సూదిలా, సైరన్.

బండి కదిలింది. ఏడు టన్నుల అచ్చు, మనిషి నడకంత వేగంతో వస్తోంది.

లైన్ మీదున్న పన్నెండు మందిలో ఒక్కడూ తల ఎత్తలేదు.

మల్లేశం పట్టాల మధ్య మోకాళ్ల మీద కూర్చుని, బండికి వీపు పెట్టి, గ్రీజు తుడుస్తున్నాడు. అతనికి పక్కగా, పట్టాల అవతల రెండడుగుల దూరంలో చెన్నకేశవులు. అతని వీపు కూడా బండి వైపే ఉంది. చూపు మల్లేశం మీంచి మరల్చడం లేదు. ఇయర్ ప్లగ్గులు మెడలో తాడుకి వేలాడుతున్నాయి. చెవులు ఖాళీగా ఉన్నాయి. కుడిచెయ్యి ముందుకు చాపి, సైరన్ మోగిన క్షణంలో మల్లేశం భుజం తట్టడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

సైరన్ మోగుతూనే ఉంది. అతను దానికోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు.

వాసవి అరవలేదు. అరిచి లాభం లేదు. తాడు కింద నుంచి దూరి, స్తంభం మీదున్న, బండిని ఆపే ఎర్ర బటన్‌ను రెండు చేతులతో గుద్దింది.

బండి కీచుమని ఆగింది. మల్లేశం వీపుకీ ఇనుముకీ మధ్య జానెడు.

నేల అదిరినట్టనిపించి మల్లేశం తిరిగి చూశాడు. తన తల కంటే ఎత్తున ఉన్న అచ్చును చూశాడు. తరువాత వాసవిని చూశాడు. మొహంలో రంగు పోయినా, అలవాటు కొద్దీ నవ్వాడు.

"నమస్తే మేడం. లడ్డూ తిన్నరా?"

చెన్నకేశవులు చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

అరగంట తరువాత డిస్పెన్సరీలో అతన్ని కూర్చోబెట్టారు. మేనేజర్ ఏదో అరుస్తున్నాడు. చెన్నకేశవులు అయోమయంగా ఆయన నోటివంక చూస్తున్నాడు. వాసవి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అతని ముందు పెట్టింది: "ఆ చెవి మీదేనా?"

అతను చదివాడు. హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాదే తల్లీ. ఇరవై మూడు మందీ నేనే. తలుపుకు గడి పెట్టింది కూడా నేనే. గంటసేపు నిన్ను ఆడ పెడితే సంతకాలయి పిల్లోళ్లందరూ పర్మనెంట్ అయిపోతారనుకుంటి. నిన్ను భయపెట్టాలని కాదు అని చెప్పబోతాంటి. అబద్ధం. భయపెట్టాలనే పెట్టినా.

మొదటిసారి నువ్వు పరీక్ష చేసినప్పుడు నిజమే రాసినావు. పరిశోధన కోసరం అంటివి, పేర్లు బయటికి రావంటివి. ఆ కాగితాలు కంపెనీ చేతికి ఎట్లా వచ్చినాయో నీకు తెలీదు, నేను అడగల్యా. పది దినాల్లో పూర్తిగా చెవుడొచ్చిన ఇంగిద్దరి గేటు పాసులు చించేసినారు. చెవిటోళ్లతో పని చేయించుకుంటే కేసులు అవుతాయంట. వాళ్లను చెవిటోళ్లను చేసింది ఎవరు? ఇదే ప్రెస్సు కదా.

రెండో విడతకు మల్లేశం వచ్చినాడు. 'అన్నా, బూత్‌లోకి పోను, నాకేం వినబడదు, నన్ను గూడ పంపిస్తరు' అని ఏడ్సినాడు. పద్దెనిమిదేండ్ల పనోడు. నువ్వు బయట కూచో, నేను పోతా అంటి. వాని నంబరు కొట్టి నేను కూచుంటి. ఎవురూ అడగల్యా. ఆ మిషన్ మొగం చూడదు కదా తల్లీ, నంబరు చూస్తాది. పక్క దినం ఇంగొకడు వచ్చినాడు. వాన్ని కాదంటే ఎట్లా?

నేనేం అనుకుంటినంటే, నా చెవులు బాగుండాయి కదా, వీళ్లకు నేను వింటాలే అని. సైరన్ మోగితే ఒకని భుజం తట్టేది, ఇంగొకన్ని లాగేది. దినమంతా వాళ్ల ఎనకాలే తిరుగుతాంటి. నువ్విచ్చిన ప్లగ్గులు పెట్టుకుంటే సైరన్ యాడ మిస్ అయితాదో అని భయం. తీసి మెడలో ఏసుకుంటి. పద్నాలుగు నెలలు, దినానికి తొమ్మిది గంటలు. పోయిన ఎండాకాలం నుంచి చెవుల్లో ఏదో ఈల. కీచురాయి అనుకుంటి. ఇంట్లో మా ఆడమనిషి పిల్చినా పలకవంటాది. మూడో విడతలో కూచున్నప్పుడు అర్థమయింది, ఏదో తేడా వచ్చినాదని. ఎవురికి చెప్పాల? చెప్తే ఇరవై మూడు మంది పోతారు. నాతో కలిపితే ఇరవై నాలుగు.

ఈరోజు నేను ఏమరపాటుగా లేను తల్లీ, నువ్వే చూసినావు కదా. కన్ను ఆర్పల్యా. చెయ్యి చాపుకోనే ఉంటి. మోగుతానే తడదామని నిలబడితి.

అందరూ మోగింది మోగింది అంటాండారు. నాకు మోగల్యా."